కొలుపు – కథ

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రతి సమాజమూ తన దేవతలకు కొన్ని విధులను అప్పగించింది. ఆ విధులను పరిశీలిస్తే ఆ సమాజం దేనికి భయపడింది, దేనిని ఆశించింది, పనులను ఎలా పంచుకొన్నది అనే విషయాలు తెలుస్తాయి. గ్రీకు, రోమను దేవతలను పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల దేవతలతో పోల్చి, మౌఖిక సాహిత్య పరిరక్షణ ఆవశ్యకతను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

జ్యూస్ ఎవరని అడిగితే మన విద్యార్థి తడుముకోకుండా సమాధానం చెబుతాడు. ఆకాశానికి అధిపతి, పిడుగును ఆయుధంగా ధరించినవాడు, గ్రీకు దేవతలకు రాజు అంటాడు. ఆ విద్యార్థినే తన ఊరి చెరువుకట్ట మీది మైసమ్మ ఎవరని, ఆమె కట్టమీదనే ఎందుకు వెలసిందని అడిగితే ఒక క్షణం ఆగిపోతాడు. ప్రతి సంవత్సరం ఆమెకు బోనం పెట్టే ఇంటి బిడ్డే అయినా ఆమె కథ అతనికి తెలియదు. ఎక్కడో మధ్యధరా సముద్రతీరంలో, పదహారు శతాబ్దాల క్రితమే పూజలు ఆగిపోయిన దేవుని కథ తెలిసి, ఈనాటికీ పూజలందుకొంటున్న తన ఊరి తల్లి కథ తెలియకపోవడం ఆలోచించదగిన విషయం. దీనికి కారణం తెలుసుకోవాలంటే ముందుగా రెండు చోట్ల దేవతలు చేసే పనులేమిటో చూడాలి.

గ్రీకు దేవతల విధి విభజన

గ్రీకుల నమ్మకంలో దేవతల నివాసం ఒలింపస్ పర్వతం. అక్కడి ప్రధాన దేవతలు పన్నెండుగురు. దేవతల తండ్రి క్రోనస్ తన సంతానం తనను పదవీచ్యుతుణ్ణి చేస్తుందనే భయంతో బిడ్డలను పుట్టగానే మింగివేశాడు. తల్లి దాచిపెట్టిన చివరి కుమారుడు జ్యూస్ పెరిగి పెద్దవాడై తోబుట్టువులను విడిపించాడు. తర్వాత ముగ్గురు అన్నదమ్ములు చీట్లు వేసుకొని లోకాన్ని పంచుకొన్నారు. జ్యూస్‌కు ఆకాశం, పొసైడన్‌కు సముద్రం, హేడిస్‌కు పాతాళం దక్కాయి. భూమి ముగ్గురికీ ఉమ్మడిగా మిగిలింది. మన పల్లెలలో అన్నదమ్ములు పొలం పంచుకొని, బావిని ఉమ్మడిగా ఉంచుకొన్నట్లుగానే ఈ పంపకం జరిగింది.

మిగిలిన దేవతలకు కూడా ఎవరి పనులు వారికున్నాయి. హేరా వివాహ బంధానికి రక్షకురాలు. డిమీటర్ పంటకు తల్లి. ఎథీనా జ్ఞానానికీ, నేతపనికీ, యుద్ధతంత్రానికీ అధిదేవత. హెఫెస్టస్ కొలిమి ముందు నిలిచే కమ్మరి దేవుడు. హెర్మిస్ బాటసారులకు, వర్తకులకు, పశువుల మందలకు తోడు. చనిపోయినవారి ఆత్మలను పాతాళానికి చేర్చేవాడు కూడ అతడే. హెస్టియా ఇంటి పొయ్యిలోని నిప్పు. ఇలా వంటింటి మొదలుకొని సముద్రం వరకు మనిషి బ్రతుకులోని ప్రతి భాగానికీ ఒక దైవం కాపలా ఉండేది.

రోమనులు ఈ దేవతలను తమ దేవతలతో జతపరచుకొన్నారు. జ్యూస్ జూపిటర్‌తో, హేరా జూనోతో, ఎథీనా మినర్వాతో, ఏరిస్ మార్స్‌తో, డిమీటర్ సిరీస్‌తో సమానమయ్యారు. జూపిటర్ అనే పేరును భాషాశాస్త్రవేత్తలు ఋగ్వేదంలోని ద్యౌష్పితృ శబ్దంతో సజాతీయంగా గుర్తించారు. రెండింటికీ ఆకాశమనే తండ్రి అని అర్థం. గ్రీకులకు లేని దేవతలు కూడా రోమనులకు కొందరున్నారు. ద్వారానికి జేనస్, పొలం గట్టురాయికి టెర్మినస్ అటువంటివారు. ఫిబ్రవరి 23వ తేదీన ఇరుగుపొరుగు రైతులు గట్టురాయికి ఇరువైపులా నిలిచి, దానికి పూలదండలు వేసి, కలిసి విందు చేసుకొనేవారు. సరిహద్దు తగాదా రాకుండా చూడడం ఆ దేవుని పని.

మన ఊరి దేవతలు

ఇప్పుడు ఉత్తర తెలంగాణలోని ఒక ఊరికి వద్దాం. పాత కరీంనగర్ జిల్లాలో ఏ గ్రామానికి వెళ్ళినా ఊరి నడుమ నేలలో పాతిన ఒక రాయి కనిపిస్తుంది. అదే బొడ్రాయి. అంటే ఊరికి నాభి. బొడ్రాయి ప్రతిష్ఠ జరిగే రోజున పొలిమేర కట్టడి చేస్తారు. అత్తవారిళ్ళకు వెళ్ళిన ఆడబిడ్డలను పుట్టింటికి పిలుస్తారు. రోమనుల గట్టురాయి ఇద్దరు రైతుల మధ్య హద్దును చెబితే, మన బొడ్రాయి ఊరివారందరూ ఒక్కటేనని చెబుతుంది.

చెరువుకట్టకు మైసమ్మ కాపలా. కాకతీయుల కాలం నుండి చెరువుల మీద ఆధారపడిన ప్రాంతమిది. కట్ట తెగితే పంటతోపాటు ఊరే కొట్టుకొనిపోతుంది. అందుకే ప్రమాదం ఉన్నచోటనే కావలిదేవత వెలసింది. అమ్మవారికి తమ్ముడుగా పోతరాజు ఆమె ముందు నిలుస్తాడు. తాటిచెట్టు ఎక్కే గౌడుల మోకుకు, ముస్తాదుకు కాటమయ్య తోడు. మల్లన్న గొర్రెల మందలకు, పాడికి, కుటుంబ క్షేమానికి దైవం. బీరప్ప కురుమల కులదైవం. రజకులకు మడేలయ్య, పద్మశాలీలకు మార్కండేయుడు మూలపురుషులు. సిరిసిల్ల మగ్గాల మధ్య మార్కండేయునికి ఉన్న స్థానాన్ని చూస్తే ఏథెన్సు నేతగత్తెలకు ఎథీనా ఎవరో సులభంగా అర్థమవుతుంది.

శిష్ట దేవతలలోనూ ఈ విధి విభజన ఉన్నది. బాసర సరస్వతి సన్నిధిలో తల్లిదండ్రులు బిడ్డలకు అక్షరాభ్యాసం చేయిస్తారు. వేములవాడ రాజరాజేశ్వరునికి రైతులు కోడెను మొక్కుగా కడతారు. అక్కడికి వెళ్ళినవారు బద్ది పోచమ్మకు బోనం సమర్పించకుండా తిరిగిరారు. ధర్మపురిలో నరసింహస్వామి క్షేత్రంలోనే యమధర్మరాజుకు ఆలయమున్నది. కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలున్నాయి. ఒకటి కాలునిది, రెండవది ముక్తేశ్వరునిది. గ్రీకులు హేడిస్‌ను పేరు పెట్టి పిలవడానికే జంకి, అతనికి గుడులు కట్టడం చాలా అరుదుగా చేశారు. గోదావరి తీరవాసులు మాత్రం మృత్యుదేవతకు ముక్తినిచ్చే దైవం పక్కనే పీటవేశారు.

రోగం తెచ్చే దైవం, తీర్చే దైవం

దేవతల విధులలో విచిత్రమైన ఒక అంశమున్నది. కీడు చేసే శక్తి, కీడు తొలగించే శక్తి ఒకే దైవానికి ఉండడం. ఇలియడ్ కావ్యం ఆరంభంలో తన పూజారికి అవమానం జరిగిందని ఆగ్రహించిన అపోలో గ్రీకు సైన్యంపై తొమ్మిది రోజులు బాణాలు కురిపిస్తాడు. ఆ బాణాలే మహమ్మారి. అవమానాన్ని సరిదిద్ది, మొక్కులు చెల్లించిన తర్వాత ఆయనే దానిని ఉపసంహరిస్తాడు. వైద్యుల దైవమైన ఆస్క్లీపియస్ ఈ అపోలో కుమారుడే.

మన పోచమ్మ కథ ఇటువంటిదే. మశూచి సోకితే దానిని రోగమనక, అమ్మవారు పోసిందనేవారు. రోగి పక్కన వేపరెమ్మలు పరచేవారు. ఇంట్లో తాళింపు వేయడం మానేవారు. పైవారిని లోనికి రానిచ్చేవారు కారు. తగ్గిన తర్వాత పసుపు, వేపాకు కలిపిన నీళ్ళు పోసి, అమ్మవారికి బోనం ఎత్తేవారు. రోగిని తిట్టకుండా, వెలివేయకుండా, తల్లి వచ్చి కూర్చున్న బిడ్డగా చూసుకోవడం ఈ నమ్మకంలోని మానవీయమైన పార్శ్వం.

అయితే మశూచిని పారదోలింది టీకా అన్న సత్యాన్ని మరువరాదు. భారతదేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైనది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధి భూమిపై లేదని ప్రకటించింది. రోగం పోయింది కాబట్టి దేవత కూడా పోవాలి. కాని పోచమ్మ గుడి ముందు బోనాల వరుస తగ్గలేదు. ఆమె పిల్లలను కాపాడే తల్లిగా, ఊరిని చల్లగా చూసే తల్లిగా నిలిచింది. దీనినిబట్టి దైవం విధి కాలంతోపాటు మారుతుందని, ఆ విధి చుట్టూ అల్లుకొన్న మానవ సంబంధాలు మాత్రం అంత త్వరగా మారవని గ్రహించవచ్చు.

ఆ సంబంధాలేమిటో బోనంలోనే చూడవచ్చు. కొత్త కుండ కుమ్మరి ఇంటి నుండి రావాలి. డప్పు మోగందే ఊరేగింపు కదలదు. రజకులకు, బైండ్లవారికి తమ తమ బాధ్యతలున్నాయి. అనేక గ్రామాలలో పోచమ్మకు పూజారి కుమ్మరే. దైవానికి ఒక పని అప్పగించినప్పుడల్లా సమాజం మనుషులకు కూడా ఒక పని అప్పగించింది. ఈ పంపకంలో కులం గీసిన గీతలు ఉన్నాయన్నది నిజం. ఆ గీతలు కొందరికి గౌరవాన్ని, కొందరికి భారాన్ని మిగిల్చాయన్నది కూడా నిజం. అయినా ఊరి పండుగలో ఏ చేతిని తీసివేసినా పండుగ సాగదని అందరికీ తెలుసు.

గోండుల పేన్‌లు

ఆదిలాబాదు అడవులలోని రాజ్‌గోండుల భాషలో దేవుణ్ణి పేన్ అంటారు. వారి పురాణగాథ ప్రకారం ఆదిలో గోండు దేవతలను జంగుబాయి తల్లి పెంచింది. తర్వాత శంభుమహాదేవుడు వారిని ఒక గుహలో బంధించాడు. పహండి కుపార్ లింగాల్ అనే సంస్కర్త జంగుబాయి సహాయంతో ఆ గుహ తెరిచి వారిని విడిపించాడు. వారిని నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సగలుగా విభజించాడు. ఒకే సగకు చెందినవారు తోబుట్టువులతో సమానం. వారి మధ్య వివాహం నిషిద్ధం. క్రోనస్ కడుపు నుండి బయటపడిన గ్రీకు దేవతలు లోకాన్ని పంచుకొన్నారు. గుహ నుండి బయటపడిన గోండు దేవతలు మాత్రం చుట్టరికాలను పంచుకొన్నారు. ఎవరు ఎవరికి సోదరులు, ఎవరు ఎవరికి బంధువులు కాగలరు అనే సమాజ నిర్మాణమే వారి పంపకం.

ప్రతి వంశానికీ ఒక పెర్సపేన్, అంటే పెద్దదేవుడు ఉంటాడు. విగ్రహం ఉండదు. ఇనుప ఈటెమొన, చామరం ఆ దైవానికి గుర్తులు. వంశ పూజారిని కటోడ అంటారు. దైవగాథను కిక్రి అనే తీగవాద్యంపై పాడి వినిపించేవారు ప్రధానులు. వీరు గోండులకు చరిత్రకారులు, వంశావళి రచయితలు, పౌరాణికులు. ప్రధానుల పాట లేనిదే పెర్సపేన్ పూజ పూర్తికాదు.

ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్ నాగోబా ఇందుకు ఉత్తమ నిదర్శనం. నాగోబా మెస్రం వంశీయుల దైవం. పుష్య అమావాస్యకు ముందుగా వారు కాలినడకన జన్నారం ప్రాంతంలోని హస్తినమడుగుకు వెళ్ళి, గోదావరి జలాన్ని ఝరిలో తీసుకొనివస్తారు. కేస్లాపూర్ మర్రిచెట్ల నీడన విడిది చేస్తారు. అమావాస్య రాత్రి ఆ జలంతో మహాపూజ జరుగుతుంది. పూజకు కావలసిన మట్టికుండలు సిరికొండ కుమ్మరులు చేస్తారు. పుట్టను తీర్చిదిద్దడం ఆడపడుచులు, అల్లుళ్ళ పని. ఆ సంవత్సరం వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్ళను దైవానికి పరిచయం చేసే భేటింగ్ వేడుకతో వారు వంశంలో భాగమవుతారు. 2022 డిసెంబరులో మెస్రం వారు తమ స్వంత విరాళాలతో నాగోబాకు రాతి ఆలయాన్ని నిర్మించుకొన్నారు.

దీపావళికి ముందు జరిగే దండారి ఉత్సవంలో గుస్సాడీలు నెమలి పింఛాల కిరీటం ధరించి, యేత్మాసూర్ దైవానికి ప్రతిరూపాలుగా ఊరూరా తిరుగుతారు. గోదావరి ఒడ్డున గుడిరేవు వద్దనున్న పద్మల్‌పురి కాకోను దర్శించుకొంటారు. కాకో అంటే అవ్వ. మార్లవాయి గ్రామవాసి కనకరాజు ఈ గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ పురస్కారం పొందారు, 2024లో కన్నుమూశారు.

పేర్ల కలయిక

రోమనులు తమ దేవతలకు గ్రీకు దేవతల కథలను తొడిగినప్పుడు లాభనష్టాలు రెండూ కలిగాయి. లాభం, ఆ కథల సంపద వారికి లభించింది. నష్టం, తమ దేవతల అసలు స్వభావం మరుగున పడింది. మార్స్ కేవలం యుద్ధదేవుడు కాడు. రోము రైతులు తమ పొలాలను, పశువులను చీడపీడల నుండి రక్షించమని మార్స్‌ను ప్రార్థించేవారు. ఏరిస్‌తో సమానం చేసిన తర్వాత లోకానికి అతని కత్తి మాత్రమే గుర్తున్నది.

మన ప్రాంతంలోనూ ఇటువంటి కలయిక జరిగింది. ఎల్లమ్మ రేణుక అయినది. మల్లన్న మల్లికార్జునుడైనాడు. నాగోబాను ఆదిశేషునిగా చెప్పేవారున్నారు. ఈ కలయికను తప్పుపట్టనవసరం లేదు. జానపద, శిష్ట సంప్రదాయాలు పరస్పరం ఇచ్చిపుచ్చుకోవడం మన సంస్కృతి లక్షణం. కాని ఓదెల మల్లన్నకు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ అనే ఇద్దరు భార్యలెందుకు ఉన్నారో శివపురాణం చెప్పదు. రెండు సమాజాలు ఒక దైవం ద్వారా వియ్యమందిన వృత్తాంతం అది. దానిని చెప్పగలిగింది ఒగ్గుకథ మాత్రమే.

కథ మిగిలినచోటు, కొలుపు మిగిలినచోటు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చు. క్రీ.శ. 391, 392 సంవత్సరాలలో రోము చక్రవర్తి థియోడోసియస్ పాత దేవతల ఆరాధనను నిషేధించాడు. క్రమంగా గుడులు మూతపడ్డాయి. వెస్టా ఆలయంలో కన్యలు తరతరాలుగా కాపాడిన నిప్పు ఆరిపోయింది. కొలుపు పోయింది, కథ మిగిలింది. కారణం, ఆ కథలు అప్పటికే గ్రంథస్థమై ఉన్నాయి. హోమరు కావ్యాలు మొదట గాయకుల నోటిపాటలే. అవి లిపిబద్ధం కావడం వల్ల గుడి కూలినా దైవం గ్రంథంలో నిలిచింది. చిత్రకారులు, శిల్పులు, నాటకకర్తలు ఆ కథలను మళ్ళీ మళ్ళీ మలచుకొన్నారు. సౌరకుటుంబంలోని గ్రహాలకు ఐరోపావారు పెట్టిన పేర్లలో వారే ఉన్నారు.

మన పరిస్థితి దీనికి విలోమం. ఇక్కడ కొలుపు మిగిలింది, కథ జారిపోతున్నది. మన దేవతల పురాణాలు గాయకుల కంఠాలలో ఉన్నాయి. మల్లన్న, బీరప్పల కథను పట్నం వేసి చెప్పేవారు ఒగ్గువారు. జమిడిక మోతతో ఎల్లమ్మ కథను నడిపేవారు బైండ్లవారు, బవనీలు. పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని కూనపులివారు, గౌడులకు గౌడ పురాణాన్ని గౌడజెట్టీలు, జాంబవ పురాణాన్ని డక్కలివారు వినిపిస్తారు. వీరిలో కొందరు విప్పి చూపే పటాలు చెరియాల చిత్రకారులు వ్రాసినవి. రాత్రులకు రాత్రులు సాగే ఈ కథలు పూర్తిగా తెలిసిన వృద్ధ కళాకారుడు మరణిస్తే, ఏ లిఖిత ప్రతీ లేని పురాణం ఒకటి అతనితో పోతుంది. అతని కుమారుడు పొట్టకూటికి పట్టణమో, గల్ఫు దేశమో వెళితే తండ్రి పాటను అందుకొనేవారుండరు. బోనం మాత్రం ఎప్పటివలెనే ఎత్తుతారు. అది ఎందుకో చెప్పేవారుండరు.

కొంత కృషి జరగకపోలేదు. హైమెన్‌డార్ఫ్ 1940వ దశకంలో ఆదిలాబాదు గోండుల మధ్య నివసించి, ప్రధానుల గాథలను సేకరించి 1948లో ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించాడు. ఆచార్య బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యాన్ని విశ్వవిద్యాలయ పరిశోధనకు అర్హమైన విషయంగా నిలబెట్టారు. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం గోండి లిపిలోని చేతివ్రాత ప్రతులను వెలుగులోకి తెచ్చింది. గుంజాల గోండిగా పేరొందిన ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. గోండి గాథను గోండి లిపిలోనే భద్రపరచే అవకాశం ఈ విధంగా ఏర్పడింది.

ఇక చేయవలసిన పని పండితులది మాత్రమే కాదు. మీ ఊరి బొడ్రాయిని ఎప్పుడు ప్రతిష్ఠించారో మీ తాత చెప్పగలడు. మైసమ్మకు ఆ కట్ట ఎందుకు ఇష్టమో మీ అవ్వ చెప్పగలదు. ఒక నోటు పుస్తకం తీసుకొని, చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వేసి, వారి మాటను వారి మాటగానే వ్రాసుకోండి. మాండలికమని దిద్దవద్దు, మూఢనమ్మకమని కొట్టివేయవద్దు, నమ్మవలసిన అవసరమూ లేదు. హోమరును లిపిబద్ధం చేసిన ఆ పేరు తెలియని లేఖకుడు చేసింది కూడ ఇంతమాత్రమే. గ్రీకు దేవతలకు కథ దక్కింది. మన దేవతలకు కొలుపూ కథా రెండూ దక్కే అవకాశం ఇంకా ఉన్నది. ఆ అవకాశం ఈ తరం చేతిలోనే ఉన్నది.

పదాలు – అర్థాలు

కొలుపు = దేవతకు చేసే సామూహిక పూజ, జాతర
శిష్ట దేవతలు = గ్రంథస్థ సంప్రదాయంలోని దేవతలు
సజాతీయం = ఒకే మూలం నుండి పుట్టినది
పానవట్టం = శివలింగం నిలిచే పీఠం
పట్నం = రంగుపొడులతో నేలపై వేసే పవిత్రమైన ముగ్గు
సగ = గోండులలో సోదర వంశాల సముదాయం
ఝరి = పవిత్రజలం తెచ్చే పాత్ర
విలోమం = తారుమారు, వ్యతిరేక క్రమం

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. అపోలోకు, పోచమ్మకు గల పోలికలను వివరించండి.
2. గ్రీకు దేవతల పంపకానికి, గోండు దేవతల పంపకానికి మధ్య గల భేదాన్ని తెలపండి.
3. కొలుపు మిగిలి కథ జారిపోవడానికి గల కారణాలను పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. టెర్మినస్ దేనికి అధిదేవత?
2. ప్రధానులు వాయించే వాద్యం ఏది?
3. నాగోబా పూజకు గోదావరి జలాన్ని ఎక్కడి నుండి తెస్తారు?

ఇ) భాషా కార్యకలాపం
మీ ఊరిలోని ఒక గ్రామదేవత కథను ఇంటిలోని పెద్దలను అడిగి, వారి మాటలలోనే వ్రాసి తరగతిలో చదవండి.